ప్లానులో టోపీ మనిషి

మా ఇల్లు చరిత్రలో చేరిన సంగతి నాకు రిజిస్టరు పోస్టులో తెలిసింది. ఆ సమయానికి నేను దొండకాయలు తరుగుతున్నాను. పోస్టుమాన్ సంతకం పెట్టించుకుని, “కోర్టు నోటీసాండి?” అని సానుభూతిగా అడిగాడు. కాదు, గౌరవం అన్నాను. “ఏదైతేనేం లెండి, జాగర్తగా ఉండండి” అని సైకిలెక్కాడు. అంత ముందుచూపున్న మాట ఆ తర్వాత ఆరు నెలల్లో నాకు మరెవరూ చెప్పలేదు.

ఉత్తరం ఆధునిక వారసత్వ గృహ పరిరక్షణ మండలి వారిది. “శ్రీ చామర్తి దక్షిణామూర్తి గారి స్వాధీనమందున్న, 1961లో నిర్మితమైన గృహమును శతాబ్దమధ్య ఆధునిక వాస్తురీతికి విశిష్ట ఉదాహరణగా గుర్తించడమైనది. ఇకమీదట సదరు గృహమును మూల ప్లానుకు అనుగుణంగా కాపాడవలసిన మహద్భాగ్యము తమకు దక్కినది” అని ఉంది.

ఆ మాటలు చదువుతుంటే మా నాన్నగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన డాక్టరు. కాకినాడలో అందరూ పెంకుటిళ్ళో, స్తంభాల మేడలో కట్టుకుంటున్న కాలంలో మద్రాసు నుంచి బెంజమిన్ ప్రభాకర్ అనే ఆర్కిటెక్టును పిలిపించి ఈ ఇల్లు కట్టించారు. బల్లపరుపు కప్పు. ఒక్క స్తంభమూ లేకుండా తొమ్మిది అడుగులు ముందుకు పొడుచుకొచ్చిన వరండా శ్లాబు. మొదటి రెండేళ్ళూ దాని కింద కూర్చోవడానికి చుట్టాలు ఒప్పుకోలేదు. సిమెంటు జాలీ గోడ, నల్లా తెల్లా చుక్కల మొజాయిక్ నేల, పిట్టగోడలో ఏ ప్రయోజనమూ లేని ఒక గుండ్రటి కన్నం. పేట మొత్తం దీన్ని ‘సబ్బుపెట్టె’ అనేది. రిక్షావాళ్ళకి అలా చెప్తేనే తీసుకొచ్చేవారు.

ఆర్కిటెక్టుకి అన్నిటికంటే ఇష్టమైనది ముందువైపు గోడ. పద్నాలుగు అడుగుల వెడల్పున, కిటికీగానీ గూడుగానీ లేని ఖాళీ గోడ. ఇంటికి ప్రశాంతత అక్కడినుంచే వస్తుందని ఆయన నాన్నగారితో చెప్పాడట. ఆ ప్రశాంతత వెనక వంటిల్లు ఉంది.

హైమవతి నన్ను పెళ్ళాడి ఆ వంటింట్లోకి 1974లో వచ్చింది. ఐదేళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు మా నాన్నగారి ఎదురుగానే అడిగింది. “గేటు తీసుకుని ఎవరొస్తున్నారో తెలియకుండా ఎన్ని గ్లాసుల బియ్యం పొయ్యమంటారు, మావయ్యగారూ?” ఆయన కాసేపు ఆలోచించి, ఆర్కిటెక్టు దీనికి జవాబు చెప్పలేదమ్మా అన్నారు. వారం తిరక్కుండా మేస్త్రీ వచ్చాడు. ఆనవాయితీ ప్రకారం మూడున్నర అడుగుల ఎత్తులో కిటికీ పెడతానన్నాడు. హైమ పొయ్యి దగ్గర నిలబడి, గోడమీద పసుపుతో గీత గీసి, “ఇక్కడ” అంది. ఆమె ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు. అందుకని నేను ఆ కిటికీలోంచి రోడ్డు చూడాలంటే ఇప్పటికీ కొంచెం వంగాలి.

హైమ పోయి ఆరేళ్ళయింది. ఉత్తరపు కిటికీ కాబట్టి ఎండ రాదు, మెత్తటి వెలుతురు వస్తుంది. జూన్ నెలలో మాత్రం సాయంత్రం పూట ఒక పలక ఎండ ఏటవాలుగా వచ్చి, ఆమె కూర్చునే ముక్కాలిపీట మీద పది నిమిషాలు కూర్చుని వెళ్తుంది. నేను ముప్ఫై ఏళ్ళు కాలేజీలో భూగోళం చెప్పినవాణ్ణి. అది ఎందుకు వస్తుందో నాకు తెలుసు. తెలిసినా ఎదురుచూస్తాను.

మండలి ప్రాంతీయ అధికారి ఘంటా నిరంజన్ కుమార్ గారు ఆగస్టులో తనిఖీకి వచ్చారు. వెంట జ్యోతిర్మయి అని సర్వేయరు అమ్మాయి, చేతిలో టేపూ, చంకలో ప్లాన్ల గొట్టమూ. నిరంజన్ కుమార్ గారు చెప్పులు గేటు బయటే విడిచి, వరండా శ్లాబుకి నమస్కారం పెట్టారు. ఆ తర్వాత కిటికీ ముందు ఆగారు.

“ఇది ఏమిటి?”

“కిటికీ అండి.”

“అది కనిపిస్తోంది. ప్లానులో ఏమిటని అడుగుతున్నాను.”

“ప్లానులో గోడండి.”

“కాబట్టి ఇది గోడ. ప్రస్తుతం కిటికీ రూపంలో ఉన్న గోడ. రాసుకోండి జ్యోతిర్మయి గారూ.”

ఆమె రాసుకుంది. ఆయన నావైపు తిరిగి, ఉపనయనంలో బ్రహ్మోపదేశం చేస్తున్నంత మెల్లగా చెప్పారు. “దక్షిణామూర్తి గారూ, మా మండలికి ఒకటే సూత్రం. మూల ప్లానులో ఉన్నది ఉండవలెను. లేనిది ఉండరాదు. సదరు కిటికీని మూసివేసి, గోడను దాని పూర్వపు ప్రశాంతతకు పునరుద్ధరించవలెను.”

“మా ఆవిడ పెట్టించిందండి.”

“వారి అభిరుచిపై మండలికి అపారమైన గౌరవం ఉంది. కిటికీ మీదే అభ్యంతరం.”

బల్లమీద పరిచిన ప్లాను చూస్తూ నిలబడ్డాను. ఇంటి ముందువైపు బొమ్మ అది. బెంజమిన్ ప్రభాకర్ ముచ్చటగా గీశాడు. గేటు పక్కన టోపీ పెట్టుకుని, జేబులో చెయ్యి పెట్టుకున్న ఒక మనిషి. వరండాలో చేతిసంచి పట్టుకున్న ఒక స్త్రీ. ఇంటి పైన ఆకాశంలో ఐదు పక్షులు. అధికారిగారి మనసు కాస్త మెత్తబడుతుందేమోనని నవ్వుతూ, “అయితే ఈ టోపీ ఆయన కూడా ఉండాలాండి?” అన్నాను.

నిరంజన్ కుమార్ గారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, బొమ్మ మీదికి వంగారు.

“ఈ వ్యక్తిని మేము గమనించలేదు” అన్నారు. “మీ పరిశీలన అభినందనీయం.”

జ్యోతిర్మయి కంగారుపడింది. “సార్, అది కొలత తెలియడానికి వేసే బొమ్మండి. పక్కన మనిషి ఉంటే ఇల్లెంత ఎత్తో తెలుస్తుందని ప్రతి ప్లానులోనూ వేస్తారు. కాలేజీలో మాకూ నేర్పారు.”

“జ్యోతిర్మయి గారూ, ఈ కాగితం కింద 1961 నాటి పురపాలక సంఘం వారి ముద్ర ఉంది. ఆ ముద్ర కిటికీలకు వర్తిస్తుంది, మనుషులకు వర్తించదు అని ఎక్కడైనా రాసి ఉందా?”

ఎక్కడా రాసి లేదు.

రెండో నోటీసు పదిరోజుల్లో వచ్చింది. మొదటి అంశం కిటికీ మూసివేత. రెండోది టోపీ ధరించిన పురుషుడు. మూడోది చేతిసంచి ధరించిన స్త్రీ. నాలుగోది పక్షులు, సంఖ్య ఐదు. బొమ్మలో ఒక గుండ్రటి చెట్టు కూడా ఉందట. అది ఏ జాతిదో చెప్పమని మండలి వారు ఒక వృక్షశాస్త్ర ఆచార్యుణ్ణి అడిగితే, ఆర్కిటెక్టుల బొమ్మల్లో తప్ప అది ఎక్కడా పెరగదని ఆయన రాసిచ్చాడట. కనుక అది అంతరించిపోయిన జాతిగా ప్రకటించి, దానికి మినహాయింపు ఇచ్చారు.

ఈ నోటీసులో నాకొక ఊరట కనిపించింది. అన్ని అంశాలూ ఒకే రోజున పూర్తయి, ఒకే ఫొటోలో కనిపించాలట. అప్పుడే ధ్రువపత్రం ఇస్తారట. అంటే టోపీ మనిషి దొరికేదాకా కిటికీ ఉంటుంది. అడిగి చెడ్డాననుకున్నాను గానీ, అడిగినందుకు కొన్నాళ్ళు దక్కాయి. ఇటుకలు మాత్రం ముందే దింపి, కిటికీ కింద పేర్చి వెళ్ళారు. పిల్లిపిల్లలు రెండు వాటి సందులో కాపురం పెట్టాయి.

టోపీ మనిషి కోసం ఎంతోమందిని చూశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా జేబులో చెయ్యి పెట్టుకుని ఊరికే నిలబడే మనిషి మా పేటలో దొరకడని కాదు. నిలబడమని ఎవరైనా చెప్తే నిలబడేవాడు దొరకలేదు. చివరికి ఇంటి యజమానే ఆ బాధ్యత స్వీకరించాలన్నారు. నిలబడ్డాను. జ్యోతిర్మయి టేపు పట్టింది.

“ఐదడుగుల నాలుగు సార్. ప్లానులో ఆరడుగులు.”

నిరంజన్ కుమార్ గారి ముఖం చిన్నబోయింది. “ఇది చాలా తీవ్రమైన విషయం. మీరు ఎనిమిది అంగుళాలు తక్కువ కాబట్టి, మీ పక్కన ఇల్లు ఆ మేరకు పెద్దదిగా కనిపిస్తుంది. అది అనధికార నిర్మాణం కిందికి వస్తుంది.”

“నేను పొడుగు పెరిగే వయసు దాటిపోయిందండి.”

“ప్రయత్నలోపం ఉండకూడదు” అన్నారాయన.

ఎనిమిది అంగుళాల మడమలతో జోళ్ళు కుట్టించారు.

స్త్రీ పాత్రకి మా వంటింట్లో పని చేసే నూకరత్నం సరిపోయింది. ఐదడుగుల రెండు అంగుళాలు. దారప్పోగు తేడా లేదు. “ఎప్పుడో నేను పుట్టకముందే నా కొలత తీసి గీసేశారండి, ఆయ్” అని మూడు రోజులు వీధంతా చెప్పుకుంది. కానీ నాలుగో రోజు నుంచి చిక్కులు మొదలయ్యాయి. బొమ్మలో మనుషులకి ముఖాలు లేవు. తల అంటే ఉత్త గుండ్రటి గీత. ముఖకవళికలు అనుమతించబడవని అధికారిగారు సెలవిచ్చి, ఇద్దరికీ తెల్లగుడ్డ ముసుగులు పంపారు.

“ముకం లేకుండా నిలబడమంటే ఎలాగండి అయ్యగారూ? ముక్కుపుడక ఎక్కడెట్టుకోవాలి?” అంది నూకరత్నం.

“ముసుగు లోపలే పెట్టుకో రత్నం.”

“లోపలెట్టుకుంటే చూసేదెవరండి? తవరంటే టోపీ పెట్టుకున్నారు, ఏదో దొరబాబులా ఉన్నారు. నేను దొంగలా ఉన్నానండి.”

పక్షుల సంగతి కూడా ఆమే చూసుకుంది. రోజూ పొద్దున్నే పిట్టగోడ మీద చద్దన్నం పెట్టి కాకుల్ని అలవాటు చేసింది. నిరంజన్ కుమార్ గారు స్వయంగా వచ్చి లెక్క పెట్టారు. ఐదు రావలసిన చోట ఆరు వచ్చాయి.

“ఆరోది?”

“దాని పెళ్ళామండి” అంది నూకరత్నం.

“ఆరవ పక్షి ఆక్రమణదారు కిందికి వస్తుంది. తొలగించాలి.”

“ఎలా తొలగిస్తారండి? కాగితం ఇస్తే తీసుకుంటదా?”

ఆయన నిజంగానే కాగితం ఇవ్వడానికి వీలుందేమో అన్నట్టు జ్యోతిర్మయి వైపు చూశారు. ఆ అమ్మాయి టేపు మడత పెట్టుకుంటూ తల వంచేసుకుంది. భుజాలు కదలడం నేను చూశాను. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా ఆమెకి వంటింట్లోనే కాఫీ ఇచ్చేవాణ్ణి. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని కిటికీలోంచి రోడ్డు చూసేది. కొత్తవాళ్ళు ఆ పీట మీద కూర్చుంటే నాకు బాధగా ఉంటుందేమో అనుకున్నాను. ఉండలేదు.

“ఈ కిటికీ ఇంత కిందికి ఎందుకుందండి?” అని ఒకసారి అడిగింది. చెప్పాను. పసుపు గీత సంగతీ, బియ్యం గ్లాసుల సంగతీ చెప్పాను. ఆమె లేచి, పొయ్యి దగ్గర కొంచెం మోకాళ్ళు వంచి నిలబడి బయటికి చూసింది. “గేటు సరిగ్గా మధ్యలో పడిందండి” అంది. “మేం కొలతలు వేసినా ఇంత కచ్చితంగా రాదు.”

ఫొటో తీసే రోజు నవంబరు నెలాఖరున వచ్చింది. ఉదయం పదింటికే అందరూ చేరారు. మేస్త్రీ కిటికీ కింద సిమెంటు కలుపుతున్నాడు. పిల్లిపిల్లలు అప్పటికే పెద్దవై వెళ్ళిపోయాయి, ఇటుకలు ఖాళీ. నేను ఎనిమిదంగుళాల జోళ్ళు తొడుక్కుని, టోపీ పెట్టుకుని, ముసుగు వేసుకుని గేటు పక్కన నిలబడ్డాను. ముసుగులోంచి ఏమీ కనిపించదు. వినిపిస్తుంది. నా వీపు వెనక తాపీ గరగరమని సిమెంటు తొట్టిలో తిరుగుతోంది.

“ఒకటి... రెండు...” నిరంజన్ కుమార్ గారు ఆకాశం చూసి లెక్క పెడుతున్నారు. “నాలుగు... ఐదు! ఐదే! అద్భుతం! మేస్త్రీ, మొదలుపెట్టు!”

మొదటి ఇటుక తీసిన చప్పుడు వినిపించింది.

“ఒక చిన్న సందేహం అండి” అన్నాను.

“టోపీ మనిషి మాట్లాడరాదు!”

టోపీ తీసేశాను. ముసుగూ తీసేశాను. జోళ్ళు కూడా విప్పి, నా అసలు ఎత్తుకి దిగి, “ఇంటి యజమానిగా అడుగుతున్నానండి. మరి నీడ?” అన్నాను.

“ఏ నీడ?”

బల్లమీద ప్లాను చూపించాను. వరండా శ్లాబు కింద గోడమీద పొందిగ్గా, వాలుగా పడ్డ నల్లటి నీడ. ఆర్కిటెక్టులందరూ గీసేదే. ఎండ ఎడమచేతి వైపు పైనుంచి నలభై ఐదు డిగ్రీల కోణంలో పడుతున్నట్టు గీస్తారు. అది వాళ్ళ ఆచారం. ఇల్లు ఏ దిక్కుకి తిరిగి ఉందో అడగరు.

“ఇది ఉత్తరముఖం ఇల్లండి. ఈ గోడమీద అలాంటి నీడ పడాలంటే, సూర్యుడు ఈశాన్యంలో నడినెత్తికీ నేలకీ మధ్యన నిలబడాలి. మన ఊళ్ళో ఆయన అక్కడికి ఎప్పుడూ రాడు. ప్లానులో ఉన్నది ఉండాలన్నారు కదా అని అడుగుతున్నాను.”

తాపీ ఆగింది. నిరంజన్ కుమార్ గారు గోడ చూశారు, ప్లాను చూశారు, తలెత్తి సూర్యుణ్ణి చూశారు. సూర్యుడు ఇంటి వెనక, దక్షిణాన, నిబంధనలతో తనకేమీ సంబంధం లేనట్టు ఉన్నాడు.

“ఇది ఎప్పటినుంచి జరుగుతోంది?” అన్నారు గంభీరంగా.

“మొదటినుంచీనండి.”

“అరవై ఏళ్ళకు పైగా ఉల్లంఘన! ఎవరూ నివేదించలేదు!” ఆయన ఫోను తీసి ప్రధాన కార్యాలయంతో మాట్లాడారు. ఎవరి పేరిట నోటీసు ఇవ్వాలన్న దగ్గర చర్చ చాలాసేపు ఆగింది. పెద్ద లైటు పెట్టి నీడ వేయించవచ్చని అక్కడినుంచి ఎవరో అన్నారట. లైటు స్తంభం ప్లానులో లేదని ఈయనే కాదన్నారు. ఆ నిజాయితీకి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను. చివరికి నిబంధనల పుస్తకం అట్టడుగున ఒక వాక్యం దొరికింది. మూల ప్లాను ప్రకృతికి విరుద్ధమని అర్హుడైన వ్యక్తి ధ్రువీకరించిన పక్షంలో, ఉన్నది ఉన్నట్టుగా కొత్త ప్లాను గీయించి, దానినే మూల ప్లానుగా భావించవచ్చు.

అర్హుడైన వ్యక్తిని నేనే. విశ్రాంత భూగోళశాస్త్ర అధ్యాపకుణ్ణి. అక్కడే బల్ల ముందు కూర్చుని రాసిచ్చాను. “సూర్యుడు సదరు స్థానమునకు గతంలో రాలేదనీ, ఇకముందు వచ్చు సూచనలు లేవనీ ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.” ముద్ర లేకుండా చెల్లదన్నారు. కాలేజీ రోజుల నాటి ప్రయోగశాల ముద్ర ఒకటి బీరువాలో దొరికింది. దాని సిరా ఇంకా ఎండిపోకపోవడం ఆ రోజు నాకు జరిగిన రెండో మేలు.

మేస్త్రీ కలిపిన సిమెంటు వృథా కాకూడదని, వరండా మెట్టు పగులు పూడ్చి వెళ్ళాడు.

కొత్త ప్లాను జ్యోతిర్మయి గీసింది. రెండు వారాలు పట్టింది. ఉన్నది ఉన్నట్టే గీయాలి కనుక కిటికీ గీసింది, పూడ్చిన పగులు కూడా గీసింది. పిట్టగోడ మీద ఆరు కాకుల్ని వేసింది. అంతా అయ్యాక నిరంజన్ కుమార్ గారు ఒక అభ్యంతరం చెప్పారు. “మనిషి ఏడీ? ఈ ఇంటి అనుభవం తర్వాత కొత్త సర్క్యులర్ వచ్చింది. మనిషి లేని ప్లాను ఆమోదం పొందదు.”

“ఒక్కరుంటే చాలా సార్?” అని అడిగిందట.

“ఒక్కరు చాలు. కొలత సరిగా ఉండాలి.”

ఆ సాయంత్రం ఆమె నాకు ఫోను చేసి ఒకే ప్రశ్న అడిగింది. “అమ్మగారి ఎత్తు నాలుగడుగుల పదే కదండీ?”

ఆమోదం పొందిన ప్లాను ప్రతి నాకు జనవరిలో అందింది. గోడ మధ్యలో కిటికీ. కిటికీలో ఒక చిన్న మనిషి, భుజాల దాకా. ముఖం లేదు, ఉత్త గుండ్రటి గీత. కాస్త పక్కకి వాలిన ముడి. గేటు వైపు చూస్తోంది. ఎండ ఎటునుంచి పడుతోందో ఈసారి ఎక్కడా గీయలేదు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను. నిరంజన్ కుమార్ గారు ఆ పని ఎందుకు చేస్తారో అప్పుడు కొంత అర్థమైంది.

ఇంతటితో అయిపోతే మండలి గొప్పతనం ఏముంది? ఫిబ్రవరిలో మళ్ళీ తనిఖీ జరిగింది. వారంలో నోటీసు వచ్చింది. “తనిఖీ సమయమున, ఆమోదిత ప్లానులోని కిటికీ యందు చూపబడిన మహిళ (ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు) హాజరు కాలేదు. పదిహేను రోజులలోగా ఆమెను సదరు స్థానమునకు రప్పించి, సమాచారము అందజేయవలెను.”

నూకరత్నానికి చదివి వినిపించాను. “నాలుగంగుళాలు వంగితే నేను నిలబడతానండి” అంది ముందు. తర్వాత తనే, కూరగిన్నె దించుతూ, “వద్దులెండి. అది అమ్మగారి చోటండి” అంది.

జవాబు రాయడానికి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వ్యంగ్యంగా రాద్దామనుకున్నాను. చేతకాలేదు. ఉన్నమాటే రాశాను.

“అయ్యా, నోటీసు అందింది. సదరు మహిళను ఆ కిటికీ వద్దకు రప్పించు విషయమై నేను ఆరేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. నా స్థాయిలో సాధ్యపడలేదు. తమబోటి ఉన్నతాధికారులు కల్పించుకుని, ఆమెను త్వరలో పంపించవలసిందిగా ప్రార్థన. రాకకు ముందు నాకు కబురు చేయనక్కరలేదు. కిటికీ తెరిచే ఉంటుంది.”

నెలరోజులకి ఒక కార్డు వచ్చింది. కింద నిరంజన్ కుమార్ గారి సంతకం. పైన ఒకటే వాక్యం. “తమ అర్జీ పరిశీలనలో ఉన్నది.”

ఆసుపత్రిలో డాక్టరు ఇక లాభం లేదన్నాడు. చుట్టాలు మర్చిపొమ్మన్నారు. పురోహితుడు కూడా ఆవిడ వెళ్ళవలసిన చోటికి వెళ్ళిపోయింది, ఇక పిలవకూడదన్నాడు. పరిశీలిస్తున్నామని రాతపూర్వకంగా చెప్పింది ఈ ఒక్క ఆఫీసే.

కార్డు కిటికీ చువ్వ సందున దోపాను. ఆ రోజు నుంచి బియ్యం ఒక గ్లాసు ఎక్కువే పోస్తున్నాను.